ఆన్‌లైన్ వేలంలో వాడిన మజిల్‌లోడర్ కొనడం: ఫొటోలో పడని చోటు గురించి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఒహాయోలో ఉంటున్నారు, దగ్గరి క్లబ్బులో మజిల్‌లోడర్లు (మూతి నుంచి మందు దట్టించే తుపాకులు) పేల్చడం ఈ మధ్యనే మొదలుపెట్టారు, ఆన్‌లైన్ వేలంలో మూడు వస్తువులు చూసి పెట్టుకున్నారు. ఒకటి థాంప్సన్ సెంటర్ కంపెనీ వారి .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) హాకెన్ మోడల్ రైఫిలు. రెండవది "హాకెన్‌కు, రెనెగేడ్‌కు సరిపోతుంది" అని అమ్మకందారు రాసిన విడి .54 గొట్టం (రెనెగేడ్ అదే కంపెనీ వారి మరో మోడల్), మూడవది గోడకు తగిలించుకోవడానికి ఈస్టిండియా కంపెనీ ముద్ర ఉన్న చెకుముకి తుపాకీ. వీటిని కొనవచ్చా, కొంటే ఏం చూసుకోవాలి అన్నది మీ ప్రశ్న. మొదటిదాన్ని షరతులతో కొనవచ్చు. రెండవదాన్ని ఇప్పుడున్న వివరణను నమ్మి కొనవద్దు. మూడవదానికి మాత్రం దాని కథను పక్కన పెట్టి, అందులో ఉన్న ఇనుముకూ కర్రకూ మీరు ఎంత ఇవ్వదలచుకుంటారో అంతవరకే పాడండి.

మూతి నుంచి మందు దట్టించే తుపాకీ మంచిదో చెడ్డదో తేల్చేది గొట్టం అడుగు భాగం. మందు కాలేది అక్కడే, ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే, మసి పేరుకునేదీ అక్కడే. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన బ్లాక్ పౌడర్ అనే ఆ మందు కాలగా మిగిలిన మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పేల్చిన రోజు సాయంత్రమే వేడి నీళ్లతో, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించకపోతే తుప్పు మొదలై, కొన్నాళ్లకు ఇనుములో గుంటలు తవ్వుతుంది. బ్లాక్ పౌడర్‌కు బదులుగా వాడే పైరోడెక్స్‌లో పర్‌క్లోరేటు ఉంటుంది గనుక, దాని మసి ఇనుమును మరింత తొందరగా తింటుంది. ఎంత అశ్రద్ధ చేసేవాడైనా గుడ్డతో మూతి దగ్గర రెండు మూడు అంగుళాలు తుడుస్తాడు. అడుగున మిగిలిపోయినది అలాగే ఉండిపోతుంది. అందుచేత సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూసినట్టు ఈ తుపాకీ మూతిలోకి చూసి తీర్పు చెప్పడానికి లేదు. ఇక్కడ అబద్ధం చెప్పేది నోరే. వేలంలో పెట్టే పది ఫొటోలలో తొమ్మిది కర్ర మెరుపునూ ఇత్తడి పనినీ చూపిస్తాయి, పదవది మూతిని చూపిస్తుంది. అడుగును చూపించే ఫొటో సాధారణంగా ఉండదు, ఎందుకంటే దానిని తీయడం కష్టం, తీస్తే ధర తగ్గుతుంది.

అమ్మకందారులు రాసే కొన్ని మాటలకు అలవాటు పడాలి. "లోపల నల్లగా ఉన్నా గాడులు గట్టిగా ఉన్నాయి" అంటే రైఫ్లింగ్ (గుండును తిప్పడానికి గొట్టం లోపల చెక్కిన మెలికల గాడులు) అరగలేదు గాని తుప్పు గుంటలు పడ్డాయని అర్థం చేసుకోవడం క్షేమం. "తాతగారి అటక మీద దొరికింది, నాకు తుపాకుల గురించి ఏమీ తెలియదు" అన్న వాక్యం నిజమే కావచ్చు, కాని రేపు మీరు ఫిర్యాదు చేస్తే ఆయన దానినే అడ్డం పెట్టుకుంటాడు. తుప్పుకు "పాతదనపు అందం" అని పేరు పెట్టేవారి గురించి వేరే చెప్పనక్కరలేదు.

వేలం ముగిసే రోజు దాకా ఆగకుండా, కనీసం మూడు నాలుగు రోజుల ముందే అమ్మకందారుకు రాయండి. మీరు చూసిన హాకెన్‌లో గొట్టాన్ని కర్ర నుంచి విడదీయడం సులువు. ముందువైపున్న బిళ్లలాంటి వెడ్జ్‌ను పక్కకు తోసి మూతిని పైకి లేపితే వెనుక కొక్కెం నుంచి గొట్టం ఊడి వస్తుంది. అలా ఊడదీసి గొట్టం కిందివైపును, అంటే మామూలుగా కర్రలో దాగి ఉండే భాగాన్ని, ఫొటో తీసి పంపమనండి. పైన మెరుగు పెట్టి మళ్లీ నీలిరంగు వేసిన గొట్టానికి కూడా కర్ర కింది తుప్పు చాలాసార్లు అలాగే ఉంటుంది. నిపిల్‌ను (సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే క్యాప్ కూర్చునే చిన్న ముక్కను) విప్పి దాని మరలనూ, అది కూర్చునే రంధ్రపు మరలనూ దగ్గరగా తీయమనండి. బిగువైన తెల్లగుడ్డను కడ్డీతో అడుగు దాకా నెట్టి, తిరిగి తీసి, ఆ గుడ్డను చూపించమనండి. ఎర్రగా వచ్చిందా, అంచులు చిరిగి వచ్చిందా అన్నది లోపలి సంగతి చాలావరకు చెబుతుంది. ఫోనుకు తగిలించుకునే సన్నని బోర్ కెమెరా ఇప్పుడు చౌకగానే దొరుకుతుంది గనుక, ఆ వీడియో అడగడం కూడా అమర్యాద కాదు. చివరగా, తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, నిపిల్ మీద క్యాప్ లేకుండా, సుత్తిని సగం వెనక్కి లాగి ఆపి మీటను నొక్కి చూపమనండి. హాఫ్‌కాక్ అనే ఆ మెట్టు నుంచి సుత్తి జారిందంటే లోపలి గాడి అరిగిందనో, ఎవరో మీటను తేలిక చేయబోయి ఆకురాయితో రాశారనో అనుకోవాలి. వీటన్నిటికీ ఓపికగా బదులిచ్చిన అమ్మకందారు దగ్గర నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వవచ్చు. విసుక్కున్న వారిని వదిలేయండి.

ఇక ప్రాణానికి సంబంధించిన విషయం. వాడిన మజిల్‌లోడర్ ఏదైనా సరే, దట్టించి ఉందనే లెక్కతో పెట్టె తెరవాలి. తూటాల తుపాకీ వెనుక భాగం తెరిచి చూస్తే ఖాళీగా ఉందో లేదో తెలుస్తుంది. దీనికి అలా తెరిచే వీలు లేదు. వేట ముగించుకుని క్యాప్ తీసేసి గోడకు ఆనించిన తుపాకీలో మందూ గుండూ అలాగే ఉండిపోవడం, ఆ మనిషి పోయాక వారసులు దానిని వేలంలో పెట్టడం అరుదైన విషయం కాదు. పొడిగా ఉన్న బ్లాక్ పౌడర్ ఏళ్లు గడిచినంత మాత్రాన చచ్చిపోదు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక పొలాల్లో ఏరిన సుమారు 27,500 తుపాకులలో దాదాపు 24,000 దట్టించే ఉన్నాయని, వాటిలో సగానికి రెండేసి మోతాదులు పడి ఉన్నాయని అప్పటి లెక్క. యుద్ధరంగపు గందరగోళంలో జరిగింది అటక మీద మరపులోనూ జరుగుతుంది.

పరీక్ష తేలికే. మూతి ఎప్పుడూ ఎవరి వైపూ, మీ తల వైపూ లేకుండా చూసుకుని, రామ్‌రాడ్‌ను (మందూ గుండూ దట్టించే కడ్డీని) లోపలికి పూర్తిగా దింపి మూతి దగ్గర గుర్తు పెట్టండి. తరువాత అదే కడ్డీని గొట్టం పక్కన బయట పెట్టి, గుర్తును మూతికి సరిగా ఉంచితే, రెండవ కొస నిపిల్ ఉన్న చోటు దాకా రావాలి. చాలా ముందే ఆగిందంటే లోపల ఏదో ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది: హాకెన్ వంటి వాటిలో గొట్టం అడుగున మందు కూర్చునే గది గొట్టం కంటే సన్నగా ఉంటుంది, కాబట్టి వెడల్పాటి కొస ఉన్న కడ్డీ ఆ గది భుజం మీదే ఆగిపోతుంది. ఖాళీ తుపాకీలో కూడా కొంచెం తేడా కనిపించడానికి కారణం అదే. సన్నని కడ్డీతో మళ్లీ చూస్తే అనుమానం తీరుతుంది, తీరకపోతే దట్టించి ఉన్నట్టే లెక్క. అప్పుడు నిపిల్ విప్పి ఆ రంధ్రంలోంచి నీళ్లు ఎక్కించి, మందు పూర్తిగా తడిసిపోయే దాకా వదిలి, ఆ తరువాతే గుండును బయటికి లాగే పని చూడాలి. ఆ పని కూడా మొదటిసారి క్లబ్బులో అనుభవం ఉన్నవారి చేత చేయించండి. పేల్చి ఖాళీ చేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. లోపల ఏ మందు, ఎన్ని మోతాదులు, గుండుకూ మందుకూ నడుమ ఎంత ఖాళీ ఉందో మీకు తెలియదు.

ఆ ఖాళీ వల్లనే మరో దాగిన లోపం పుడుతుంది. గుండును మందు మీద ఆనేలా దింపకుండా మధ్యలో వదిలి పేలిస్తే, గుండు ఆగిన చోట గొట్టం లోపలి నుంచి ఉబ్బి ఉంగరంలా గుర్తు పడుతుంది. బయటికి కనిపించేంత ఉబ్బు ఉంటే అమ్మకందారు ఆ వైపు ఫొటో తీయడు. చేతికి అందాక బిగువైన గుడ్డను మెల్లగా నెడుతున్నప్పుడు ఒక చోట ఉన్నట్టుండి వదులై మళ్లీ బిగిస్తే, అది ఉంగరమే. కొందరు అలాంటి గొట్టంతోనే ఏళ్ల తరబడి గురిగా పేలుస్తున్నామంటారు. నేనైతే దాని పక్కన నిలబడను. అంతకంటే ప్రమాదం, పాత యజమాని ఎప్పుడైనా తూటాలలో వాడే పొగలేని మందును ఇందులో పోసి ఉండటం. సావేజ్ కంపెనీ 10 ఎంఎల్ వంటి ఒకటి రెండు మోడళ్లను ఆ మందు కోసమే తయారు చేశారు. మిగతావాటికి ఆ ఒత్తిడిని ఓర్చే శక్తి లేదు. ఒకసారి అలా దెబ్బతిని పగలకుండా మిగిలిన గొట్టాన్ని ఏ ఫొటో పట్టివ్వదు. అందుకే పాత యజమాని ఎవరు, ఏ మందు వాడారు అన్నది అడగవలసిన ప్రశ్నే, జవాబు రాకపోయినా సరే.

విడి గొట్టం విషయానికి వస్తాను. థాంప్సన్ సెంటర్ 1970లో హాకెన్‌ను విడుదల చేసింది. న్యూహాంప్‌షైర్‌లోని రాచెస్టర్‌లో పనిచేసిన ఆ కంపెనీని 2007లో స్మిత్ అండ్ వెసన్ కొన్నది. పక్కన సుత్తి ఉండే ఆ పాత మోడళ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అందుచేత వాటి విడిభాగాలకు వేలమే పెద్ద బజారు అయింది, ధరలూ అలాగే పెరిగాయి. హాకెన్ గొట్టానికి ఎదురెదురు ముఖాల నడుమ కొలత 15/16 అంగుళం, రెనెగేడ్‌కు 1 అంగుళం. ఒకే గొట్టం రెండింటికీ సరిపోతుందని రాసిన మనిషి కొలవకుండా రాశాడని అర్థం. హాకెన్ కర్రలో రెనెగేడ్ గొట్టం కూర్చోదు. కర్ర చెక్కి కూర్చోబెడితే కర్ర పాడవుతుంది. క్యాలిపర్ పెట్టి కొలిచిన ఫొటో పంపితే ఆలోచించవచ్చు, అది కూడా కొక్కెం, వెడ్జ్ పట్టే చోటు స్పష్టంగా కనిపిస్తేనే.

కొలతల గొడవ గొట్టంతో ఆగదు. థాంప్సన్ సెంటర్ నిపిల్ మర పావు అంగుళం వ్యాసంలో, అంగుళానికి 28 చుట్లు. స్పెయిన్, ఇటలీ నుంచి వచ్చిన చాలా తుపాకులలో అది 6 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు చుట్టు. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, చుట్ల దూరం కూడా 0.9 మిల్లీమీటరుకు దగ్గరే. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయంటే సన్నది లావు రంధ్రంలో వదులుగానైనా తిరుగుతుంది, లావుదాన్ని బలవంతంగా తిప్పితే సన్న రంధ్రపు మరలు కోసుకుపోతాయి. అలా వదులుగా పట్టిన నిపిల్ పేలినప్పుడు ఊడి ఎగిరితే, అది లేచేది పేల్చేవాడి ముఖానికి ఎంతో దూరంలో లేని చోటు నుంచి. ప్యాకెట్‌లో కలగలిపి అమ్మే "పది నిపిళ్లు, మోడల్ తెలియదు" వంటివి కొనకండి. కొత్త నిపిల్ ఖరీదు ఎంతని?

విడి లాక్‌లకూ (సుత్తీ దాని స్ప్రింగూ ఉండే పక్క యంత్రాలకూ) ఇదే మాట. చెకుముకి లాక్‌లో నిప్పురవ్వ లేచే ఉక్కు ముఖం గట్టిదనం ఫొటోలో తెలియదు; రెండు మీటల సెట్ ట్రిగ్గర్ ఉన్న తుపాకీకి లోపల ఫ్లై అనే చిన్న ముక్క ఉన్న లాక్ కావాలి, అది లేకపోతే సుత్తి పడుతూ హాఫ్‌కాక్ గాడిలో తగులుకుంటుంది.

మీ జాబితాలో లేదు గాని, చౌక అని ఇన్‌లైన్ రైఫిళ్ల (క్యాప్ పక్కన కాక గొట్టానికి సూటిగా వెనుక ఉండే రకం) వైపు కూడా చూస్తారు గనుక ఒక హెచ్చరిక. సీవీఏ అనే కంపెనీ పేరుతో 1995, 1996 సంవత్సరాలలో తయారైన ఇన్‌లైన్ రైఫిళ్లను 1997 ఆగస్టులో వెనక్కి పిలిచారు. సీరియల్ నంబరు చివరి రెండు అంకెలు 95 గాని 96 గాని అయితే వాటిని పేల్చకూడదు. 1999లో ఆ పేరును కొన్న కొత్త యాజమాన్యం పాతవాటి బాధ్యత తీసుకోలేదు. అవి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి, అమ్మేవారికి చాలాసార్లు ఈ సంగతే తెలియదు. సీరియల్ నంబరు చూపించని ఇన్‌లైన్ మీద పాడకండి. బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనుక కొసను మూసే మర బిరడా) విప్పి పక్కన పెట్టిన ఫొటో కూడా అడగండి. తుప్పు పట్టి బిగుసుకుపోయిన ప్లగ్‌ను విప్పలేక అమ్మకానికి పెట్టినవి ఎన్నో.

ఈస్టిండియా కంపెనీ తుపాకీ మీద మన వాళ్లకు ఆశ ఎక్కువ, అది సహజమే. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు మోసిన తుపాకీ గోడ మీద ఉంటే ఎవరికి బాగుండదు? కాని ఆ ముద్రను నమ్మడం కష్టం. అసలు కంపెనీ లాక్‌ల మీద మొదట గుండె ఆకారపు ముద్ర, 19వ శతాబ్ది తొలి దశకం తరువాత వెనుక కాళ్ల మీద నిలబడిన సింహం కనిపిస్తాయి. ఖైబర్ కనుమ ప్రాంతపు కమ్మరులు వాటిని చూసి ఎన్నో లాక్‌లు చెక్కారు, అఫ్ఘానిస్థాన్ వెళ్లిన సైనికులు వాటిని జ్ఞాపికలుగా కొని తెచ్చారు. తిరగబడిన అక్షరాలు, కుక్కలా కనిపించే సింహం, ఎగుడుదిగుడు అంకెలు వాటి గుర్తులు. ఇంకొక దారి నేపాల్: 2003లో రెండు అమెరికా సంస్థలు కఠ్మాండులోని పాత రాజ ఆయుధాగారాన్ని మొత్తంగా కొని తెచ్చాయి, అందులో బ్రౌన్ బెస్ రకం (పాత బ్రిటిష్ సైన్యపు చెకుముకి) తుపాకులు కూడా వచ్చాయి. అవి నిజమైన పాతవే, గోడకు బాగుంటాయి, కాని పేల్చడానికి కావు. మూడవ రకం, ఇప్పుడు భారతదేశంలోనే తయారై, మందు అంటుకునే చెవి రంధ్రం పెట్టకుండా, పేల్చనివిగా అమ్ముడై వస్తున్న కొత్త నకళ్లు. ఇటలీ, స్పెయిన్ గొట్టాల మీద ప్రభుత్వ పరీక్షా కేంద్రపు ముద్ర ఉంటుంది. ఇటలీవాటిలో 1975 నుంచి తయారీ సంవత్సరాన్ని అక్షరాల జంటతో సూచిస్తారు, ఏఏ అంటే 1975, ఏబీ అంటే 1976. ఈ నకళ్లకు అలాంటి పరీక్ష లేదు, అమెరికాలో అది తప్పనిసరీ కాదు. ఎవరో కొన్నాక డ్రిల్లుతో రంధ్రం పెట్టి, ఆ తరువాత వేలంలో "పేలుతుంది" అని పెట్టినదైతే, ఆ గొట్టానికి ఎవరూ పూచీ లేరు.

వేలం నియమాలలో నాకు ముఖ్యమనిపించేది తిరిగి ఇచ్చే షరతు. గన్‌బ్రోకర్ అనే వేలం సైట్‌లో "ఉన్నది ఉన్నట్టు, వాపసు లేదు" అన్నదానికీ, అందిన మూడు రోజులలోగా పరీక్షించి వాపసు చేయవచ్చన్నదానికీ ధరలో ఎంత తేడా ఉన్నా రెండవదే చౌక. అక్కడ చివరి పదిహేను నిమిషాలలో ఎవరు పాడినా గడువు పెరుగుతుంది గనుక ఆఖరి క్షణంలో లాక్కోవచ్చనే లెక్క పనిచేయదు. మీ గరిష్ఠ ధర కాగితం మీద రాసుకుని అక్కడ ఆగండి. వేలం సంస్థల దగ్గరైతే పాటకు పైన కొనుగోలుదారు కమిషన్, పోస్టు ఖర్చు చేరతాయి. ఇంకెవరివో ఫొటోలు దొంగిలించి పెట్టే బోగస్ సైట్లు కూడా ఉన్నాయి. ఈ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి ఒక ఫొటో తీయమంటే వారు మాయమవుతారు. గిఫ్టు కార్డులతోనో, వెనక్కి రాని బదిలీతోనో డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి.

చట్టం గురించి కొంత జాగ్రత్తగా చెప్పాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లోగా తయారైనవీ, తూటా వాడలేని బ్లాక్ పౌడర్ మజిల్‌లోడర్లూ ఫైర్‌ఆర్మ్ నిర్వచనంలోకి రావు, అందుకే అవి నేరుగా ఇంటికి వస్తాయి. అయితే గొట్టం మార్చి తూటా తుపాకీగా చేయగలిగినవీ, తూటా తుపాకీ ఫ్రేము మీద కట్టినవీ ఆ మినహాయింపులో లేవు. థాంప్సన్ సెంటర్ వారి ఎన్‌కోర్ అలాంటిదే. హెచ్1బీ వంటి వీసా మీద ఉన్నవారికి ఫైర్‌ఆర్మ్ దగ్గర ఉంచుకోవడం మీద ఫెడరల్ నిషేధం, కొన్ని మినహాయింపులతో, ఉంది గనుక "మజిల్‌లోడరే కదా" అని ఎన్‌కోర్ మీద పాడటం వీసాకే ముప్పు తేవచ్చు. రాష్ట్రాల చట్టాలు వేరు. మన వాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో బ్లాక్ పౌడర్ తుపాకీకి కూడా రాష్ట్ర అనుమతి కావాలి. మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. పాట పాడకముందే న్యాయవాదిని అడగండి. ఇక ఎప్పుడైనా ఇండియా తీసుకెళ్లాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద అక్కడ మూతి దట్టించే తుపాకీకి కూడా లైసెన్సు ఉండాలి, దిగుమతికి వేరే అనుమతి ఉండాలి. గోడ అలంకారమని కస్టమ్స్ వారికి చెబితే సరిపోదు.

మీ హాకెన్ విషయంలో ఇప్పుడు చేయవలసినది, పైన చెప్పిన ఫొటోలను ఈ వారమే అడగడం. అవి వచ్చి, వాపసు షరతు కూడా ఉంటే పాడండి. గరిష్ఠ ధర వేసుకునేటప్పుడు కొత్త నిపిల్, గన్‌స్మిత్ చేత ఒకసారి పరీక్ష, రానూపోనూ పోస్టు ఖర్చు ముందే అందులోంచి తీసేయండి. రాకపోతే తొందర లేదు. నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ వారి పోటీలు ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్‌లో జూన్‌లోనూ సెప్టెంబరులోనూ జరుగుతాయి. సిన్సినాటి వైపు ఉన్నవారికి అది దూరం కాదు. అక్కడ బల్లల మీద వాడిన తుపాకులు వరుసగా పెట్టి అమ్ముతారు, అమ్మేవారిని అడిగి మీ సొంత లైటును గొట్టంలోకి దింపి చూసుకోవచ్చు.